గింజ బతికుందా అని ఎవరూ అడగడం లేదు

వానాకాలం దగ్గర పడుతోందంటే చాలు, విద్యార్థుల చేత విత్తన బంతులు చేయించే కార్యక్రమాలు మొదలవుతాయి. ఎర్రమట్టి ట్రాక్టరు వస్తుంది, పశువుల ఎరువు వస్తుంది, గింజల బస్తాలు వస్తాయి, బ్యానరు కడతారు. సాయంత్రానికి ఇన్ని వేల బంతులు చేశామని మైకులో చెబుతారు. మర్నాడు పేపర్లో ఫోటో పడుతుంది. ఆ బంతులు గుట్ట మీదికి పోయాక వాటి ఊసు ఎవరికీ పట్టదు. ఎన్ని విసిరారో చెప్పే లెక్క ఉంటుంది గానీ, ఎన్ని మొలిచాయి, మొలిచినవాటిలో ఎన్ని మరుసటి ఎండాకాలం దాటాయి అనే లెక్క మాకు ఏ కార్యక్రమంలోనూ కనిపించలేదు.

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ పర్యావరణం మీద ఒక వ్యాసం ఉంటుంది. చెట్లు ప్రాణవాయువు ఇస్తాయి, వానలు కురిపిస్తాయి, వృక్షో రక్షతి రక్షితః అని ఆ వ్యాసాల్లో ఉంటుంది. ఈసారి మేము అది రాయదలచుకోలేదు. చెట్టు మంచిదని మన హాస్టల్లో చదివేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. చింతచెట్టు కింద బడి, వేపచెట్టు కింద పంచాయితీ, కానుగ నీడన గొడ్లు, వీటి మధ్యే పెరిగి వచ్చాం. మేము మాట్లాడదలచుకున్నది గింజ గురించి. వేల ఎకరాల్లో చెట్ల విత్తనాలు చల్లే పని నెగ్గుతుందా లేదా అన్నది గింజ ఏరిన రోజునే, ఆ తర్వాత దాన్ని తయారు చేసిన వారం పది రోజుల్లోనే తేలిపోతుందని మా అభిప్రాయం. బంతి చుట్టడం ఆ తర్వాతి మాట. ఆ ముందు పని బాగా తెలిసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లను కూలికి పిలుస్తున్నారే తప్ప, తెలిసినవాళ్లుగా ఎవరూ పిలిచి అడగడం లేదు.

మొక్కలు నాటే ఉత్సవాలు మన దేశానికి కొత్త కాదు. 1950లో కేంద్ర వ్యవసాయ మంత్రిగా ఉన్న కె.ఎం.మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. దేశ భూభాగంలో మూడో వంతు అడవులు, చెట్లు ఉండాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. 2015లో తెలంగాణలో హరితహారం పేరుతో 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టారు. 2021లో మన పాలమూరులోనే పొదుపు సంఘాల మహిళలు రెండు కోట్లకు పైగా విత్తన బంతులు చేశారు, గిన్నిస్ బుక్ వాళ్లు కూడా వచ్చారు. పది రోజుల్లో అంత పని చేయడం మాటలు కాదు. ఆ చేతుల శ్రమను తక్కువ చేసే ఉద్దేశం మాకు ఎంతమాత్రం లేదు, వాళ్లలో మా అమ్మలూ ఉన్నారు, అక్కలూ ఉన్నారు. అంత శ్రమ పోసినప్పుడు లోపల పెట్టే గింజ ఎలాంటిదో చూడాలి కదా అన్నదే మా ప్రశ్న.

విత్తన బంతి అనగానే జపాన్ రైతు మసనోబు ఫుకువోకా పేరు చెబుతారు. 1988లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్న ఆయన గింజలను బంకమట్టిలో చుట్టి పొలంలో చల్లేవారు. పిట్టలు, ఎలుకలు తినకుండా, వాన పడేదాకా గింజ భద్రంగా ఉండాలని ఆ ఏర్పాటు. అంటే మట్టి బంతి గింజకు కాపలా మాత్రమే. చచ్చిన గింజకు కాపలా పెడితే అది లేచి రాదు. ఈ చిన్న విషయాన్ని మరిచిపోయి బంతికి లేని మహిమలు అంటగడుతున్నారు.

ముందు వేప సంగతి చూద్దాం. బంతుల్లో ఎక్కువగా పెట్టేది వేపగింజే, ఎందుకంటే సులువుగా దొరుకుతుంది. మన ప్రాంతంలో వేపపండ్లు జూన్, జూలై నెలల్లో పండుతాయి. మృగశిర పోయి ఆరుద్ర కార్తె వచ్చేసరికి చెట్టు కింద పచ్చగా పరుచుకుని ఉంటాయి. వేపగింజకు ఆయుష్షు తక్కువ. మామూలుగా ఇంట్లో దాచిపెడితే రెండు మూడు వారాల్లోనే మొలకెత్తే శక్తి చాలావరకు పోతుంది. ఇప్పుడు లెక్క వేసి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో చేసిన బంతిలో వేపగింజ ఉందంటే అది ఏ ఏడాది గింజ? ఈ ఏటి కాయ అప్పటికి ఇంకా చెట్టు మీద పచ్చిగానే ఉంటుంది. కాబట్టి అది పోయిన ఏడాది జూలై గింజ. పది నెలలు ఎక్కడో గోదాములో పడి ఉన్న గింజ. దాన్ని మట్టిలో చుట్టి, ఎండబెట్టి, గుట్ట మీదికి విసిరితే ఏం మొలుస్తుంది? ఇది అర్థం కావడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, క్యాలెండరు చాలు.

ఇంకో సంగతి ఉంది. బజారులో బస్తాల్లో దొరికే వేపగింజ విత్తనం కోసం ఏరింది కాదు, నూనె కోసం ఏరింది. 2015లో దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపపూత తప్పనిసరి చేశాక వేపగింజకు గిరాకీ పెరిగింది. వ్యాపారులు ఊళ్లకు వచ్చి కిలోల లెక్కన కొంటారు. ఆ గింజను తారురోడ్డు మీద, బండరాయి మీద ఎర్రటి ఎండలో పోసి గలగల మోగేదాకా ఎండబెడతారు. పండు గుజ్జు గింజకు అంటుకునే ఉంటుంది. కుప్ప పోస్తే వేడెక్కుతుంది, వాన తగిలితే బూజు పడుతుంది. నూనె తీసేవాళ్లకు ఆ గింజ పనికొస్తుందేమో గానీ, నేలలో వేసేవాళ్లకు పనికిరాదు. నూనె గింజ, విత్తనపు గింజ చూడటానికి ఒకేలా ఉంటాయి, రెండింటి తయారీ మాత్రం వేరు. తినే వడ్లు, విత్తనపు వడ్లు వేరుగా దాచుకునే రైతుకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. చెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా ఎందుకు మరిచిపోతున్నారో మాకు తెలియడం లేదు.

ఒక ఏడాది అలాంటి ఒక కార్యక్రమానికి మేమూ వెళ్లాం. అక్కడికి వచ్చిన వేపగింజల బస్తాలోంచి వంద గింజలు తీసి తెచ్చుకుని, తడి గోనెసంచిలో చుట్టి, మా హాస్టల్ బాత్రూముల వెనక నీడలో పెట్టాం. రోజూ నీళ్లు చల్లాం. మూడు వారాలు చూశాం. ఒక్క గింజా పగల్లేదు, పైగా బూజు పట్టింది. అప్పటికే ఆ బస్తాలోని మిగతా గింజలన్నీ బంతులై గుట్టెక్కిపోయాయి. మాకు గోనెసంచి ముక్క, నాలుగు చెంబుల నీళ్లు తప్ప ఖర్చు కాలేదు. ఈ పరీక్ష బంతులు చేయించేవాళ్లు ముందే చేసుకుంటే ట్రాక్టరు డీజిలైనా మిగిలేది.

మరి వేపగింజను ఎలా తయారు చేయాలి? పసుపు రంగు తిరిగిన పండునే తీసుకోవాలి, చెట్టు మీదివి గానీ, ఆ రోజు రాలినవి గానీ. నల్లబడి, ఎండి, చెట్టు కింద వారాల తరబడి పడి ఉన్నవి వద్దు. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఇసుక కలిపి గోనెపట్టా మీద చేత్తో రుద్దితే గుజ్జు ఊడిపోతుంది. రెండు మూడు నీళ్లతో కడగాలి. పైకి తేలిన తాలు తీసిపారేయాలి. నీడలో, గాలి తగిలేచోట ఒకటి రెండు రోజులు ఆరబెట్టాలి. ఎండలో వద్దు. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టవద్దు, గింజకు ఊపిరాడదు, గుడ్డసంచి మంచిది. తర్వాత పది రోజుల్లోపు నేలలో పడాలి. అప్పటికి వానలు కూడా ఉంటాయి. ప్రకృతి ఆ కాయను ఆ నెలలో పండించడంలో ఒక లెక్క ఉంది. ఇంకొక జాగ్రత్త. 2021లో తెలంగాణ జిల్లాల్లో వేపచెట్లకు చివర్ల నుంచి కొమ్మలు ఎండిపోయే తెగులు వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తెగులు గింజతో కూడా వస్తుంది. కాబట్టి కొమ్మలు ఎండిన చెట్టు నుంచి విత్తనం తీసుకోకూడదు.

ఈ పని అంతా పక్షులు ఎప్పటినుంచో చేస్తున్నాయి. కాకి, గోరింక వేపపండు తిని గుజ్జు అరిగించుకుని, శుభ్రమైన గింజను రేగుపొదల మీద కూర్చుని కింద వదులుతాయి. పొద కింద నీడ ఉంటుంది, కాస్త తేమ ఉంటుంది, ముళ్ల వల్ల మేక మూతి పెట్టదు. అందుకే ఎవరూ నాటని వేపమొక్కలు ఎక్కువగా ముళ్లపొదల్లోంచి తలెత్తుతాయి. గుట్టమీద బండరాళ్ల నడుమ బంతులు విసిరేవాళ్లు ఈ పొదలను ఒకసారి చూసి రావాలి.

ఇక ధర విషయం. మేము అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మనలో చాలామంది కుటుంబాలు వలస పోయినవే. అమ్మానాన్నలు పట్నంలోనో, బొంబాయిలోనో మట్టిపనిలో ఉంటే ఊళ్లో అవ్వాతాతలు మిగిలిపోతారు. వేపగింజలు ఏరేది ఆ అవ్వలే. పొద్దున్నే చీపురు పట్టుకుని పోయి చెట్టు కింద ఊడ్చి, ఎండబెట్టి, కిలోల లెక్కన అమ్మితే ఆ నెల బియ్యానికో, బీపీ మాత్రలకో వస్తాయి. ఆ అవ్వను విత్తనపు గింజ కావాలంటే ఏం జరుగుతుంది? పండు పండు చూసి ఏరాలి, ఏ రోజుదారోజు నానబెట్టాలి, రుద్దాలి, కడగాలి, నీడలో ఆరబోయాలి, తాలు తీసేయాలి. పని రెండింతలవుతుంది. గుజ్జు పోయాక తూకం తగ్గుతుంది. మరి నూనె గింజ ధరకే విత్తనపు గింజ ఎవరు ఇస్తారు? ఎవరూ ఇవ్వరు, ఇవ్వమనడం న్యాయం కూడా కాదు. అందుకే బస్తాల్లో నూనె గింజే వస్తోంది. తప్పు ఏరేవాళ్లది కాదు, విత్తనానికి విత్తనం ధర కట్టని పద్ధతిది.

కాబట్టి చెట్ల విత్తనం కొనేవాళ్లు, అది ప్రభుత్వమైనా స్వచ్ఛంద సంస్థ అయినా, నూనె గింజ ధర కన్నా ఎక్కువ ధర వేరుగా నిర్ణయించి, ఊళ్లోనే, ఏరిన వారంలోనే కొనాలి. ప్రతి సంచి మీద ఊరి పేరు, ఏరిన తేదీ, ఎన్ని చెట్ల నుంచి ఏరారో రాయించాలి. ఒకే చెట్టు గింజలతో గుట్ట నింపితే అన్నీ ఒకే తల్లి పిల్లలవుతాయి, ఒక తెగులొస్తే అన్నిటికీ వస్తుంది. పది పదిహేను మంచి చెట్ల నుంచి కలిపి తీసుకోవడం మంచిది. ఇది కుదరని పనేమీ కాదు. గిరిజన సహకార సంస్థ 1956లో మొదలైననాటి నుంచి చింతపండు, కుంకుళ్లు, ఇప్పపలుకు లాంటివి అడవిబిడ్డల దగ్గర కొంటూనే వచ్చింది. తూకం, సంచి, చీటీ తెలిసిన ఏర్పాట్లు ఉన్నాయి. లేనిదల్లా అది విత్తనం అనే గుర్తింపు.

అన్ని గింజలూ వేపలాంటివి కావు. కొన్నిటికి ఆయుష్షు తక్కువైతే కొన్నిటికి నిద్ర ఎక్కువ. మా బోటనీ పుస్తకంలో దీనికి సుప్తావస్థ అని పేరుంది. చింత, నల్లతుమ్మ, రేల గింజలకు పైపెంకు గట్టిగా ఉంటుంది, నీళ్లు లోపలికి దిగవు. అలాగే వేస్తే కొన్ని ఈ ఏడాది, కొన్ని వచ్చే ఏడాది మొలుస్తాయి, కొన్నిటిని ఈలోపు పురుగు తింటుంది. వాటికి నిద్ర లేపే పని చేయాలి. నీళ్లు బాగా మరిగించి, పొయ్యి మీంచి దించి, అందులో గింజలు పోసి, రాత్రంతా అలాగే చల్లారనివ్వాలి. పొద్దునకి ఉబ్బినవి సిద్ధమైనట్టు. ఉబ్బనివాటికి మళ్లీ అదే పని చేయాలి. పొయ్యి మీద ఉంచి ఉడకబెడితే మాత్రం గింజ చచ్చిపోతుంది, దించాకే పోయాలి. చింతగింజకు చల్లనీళ్లలో ఒకటి రెండు రోజులు నానబెట్టినా సరిపోతుంది.

చింతగింజల మాట వచ్చింది కాబట్టి మన వంటగది సంగతి చెప్పాలి. రోజూ చారు ఉంటుంది, ఆ చారుకు చింతపండు ఉంటుంది, ఆ చింతపండులో గింజలుంటాయి. పండు నానబోసే ముందు వంటమ్మలు తీసి పక్కన వేసిన గింజలు చెత్తలో కలుస్తాయి, లేకపోతే చిన్న తరగతుల తమ్ముళ్లు అష్టాచెమ్మా ఆడుకోవడానికి పట్టుకుపోతారు. ఆటకు నాలుగు గింజలు చాలు. మిగతావి ఎండబెట్టి డబ్బాలో వేస్తే జూన్ దాకా చెక్కుచెదరవు. ఏడాదికి మన ఒక్క హాస్టల్ వంటగదిలో ఎన్ని గింజలు పోతున్నాయో ఎవరైనా ఒక నెల తూచి చూస్తే బాగుండు. చారులో ఉడికిన గింజ మాత్రం కలపకండి, అది పనికిరాదు.

నల్లతుమ్మకు వేడినీళ్లు కూడా అక్కర్లేదు. మేకలు తుమ్మకాయలు తింటాయి, లోపలి గింజలు మేక కడుపులో నాని, పెంకు మెత్తబడి బయటికి వస్తాయి. మేకల దొడ్లో ఊడ్చిన గింజ మామూలు గింజ కన్నా బాగా మొలుస్తుంది. అటవీ నర్సరీల వాళ్లకూ ఇది తెలిసిన విషయమే. సెలవుల్లో మేకలు కాసి, దొడ్డి ఊడ్చినవాళ్లు మనలో ఎంతమంది లేరు? ఆ పని చేసినందుకు క్లాసులో వెక్కిరింతలు పడ్డవాళ్లూ ఉన్నారు. నర్సరీకి కావలసిన తెలివి ఆ దొడ్లో ఉందని వెక్కిరించినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

టేకు మాటకొస్తే, టేకుకాయను బంతిలో పెట్టడం దండగ. రాత్రి నీళ్లలో, పగలు ఎండలో, అలా వారానికి పైగా తిప్పితే గానీ అది లొంగదు, అప్పుడూ సగానికి సగం మొండికేస్తుంది. దాన్ని నర్సరీకి వదిలేయడమే మేలు. నేరేడు గింజ, ఇప్పగింజ వేపలాగే తాజాగా పడాలి. సీతాఫలం దసరా దీపావళికి పండుతుంది, గింజ వచ్చే వానాకాలం దాకా ఆగుతుంది, వేసేముందు ఒకరోజు నానబెడితే మంచిది. బాలానగర్ సీతాఫలం దేశమంతా పేరున్న రకం, ఆ పండు తిని గింజలు ఉమ్మేసే మనం ఇంకెక్కడినుంచో గింజలు తెప్పించుకోవడం విడ్డూరంగా ఉంటుంది. కానుగకు ఏ తయారీ అక్కర్లేదు, ఎండాకాలంలో కాయ కోసి, ఒలిచి, వానాకాలంలో వేస్తే వారం రెండు వారాల్లో మొలుస్తుంది. బంతికి అన్నిటికన్నా సరిపోయే గింజ అదేనని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, బంతులు చేసేవాళ్లు చాలామంది గమనించనిది. గట్టిగింజను నానబెట్టకపోతే మొలవదు. నానబెట్టాక ఆగదు. నానిన గింజను తడిమట్టిలో చుట్టగానే లోపల మొలక కదులుతుంది. ఆ బంతిని తీసుకెళ్లి ఎండలో ఆరబెడితే కదిలిన మొలక మాడిపోతుంది. పోనీ నానబెట్టకుండా పెడదామంటే ఒకటి రెండు వానలకు బంతి కరిగిపోతుంది గానీ గింజ నిద్ర లేవదు. కాబట్టి నెలల ముందు బంతులు చేసి గుట్టలుగా పోసి పెట్టడంలో అర్థం లేదు. వాన కబురు వచ్చాక, గింజ సిద్ధం చేసుకుని, బంతి చేసి, నీడలో ఒకరోజు ఆరనిచ్చి, రెండు మూడు రోజుల్లో నేలకు చేర్చాలి. అప్పుడు పెద్ద సభ పెట్టడానికి వీలుండకపోవచ్చు, మంత్రిగారి తేదీ కుదరకపోవచ్చు. వాన మాత్రం ఎవరి తేదీ కోసమూ ఆగదు.

అసలు బంతి కన్నా గడ్డపార మేలని కూడా అంటాం. చేరగలిగిన చోట, పొద పక్కన జానెడు లోతు మట్టి గుల్ల చేసి, మూడు గింజలు వేసి, గింజ మందానికి రెండింతలు మట్టి కప్పితే చాలు. మనిషికి శ్రమ ఎక్కువే. కానీ గింజ మట్టిలో ఉంటుంది, బండ మీద ఉండదు. ఇలా నేలలోనే మొలిచిన మొక్కకు తల్లివేరు నేరుగా లోతుకు పోతుంది. నర్సరీ సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్కకు వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. అందుకే విత్తనం చల్లే పద్ధతిని మేము కాదనడం లేదు, సరిగ్గా చేయమంటున్నాం. తాటిని చూడండి. తాటిటెంకె మొలక నేలలోకి లోతుగా దిగుతుంది, తేగలు తవ్వినవాళ్లకు (మన వైపు గేగులంటాం) అది ఎంత లోతో చేతులకు తెలుసు. దాన్ని సంచిలో పెంచి నాటడం కష్టం. ఉన్నచోటే వేయాలి. చెరువుకట్టల మీద వరసలుగా కనిపించే తాళ్లకు ఎవరూ బ్యానరు కట్టలేదు.

కొందరు మిత్రులు మాతో అన్నారు, ఎన్నో కొన్ని మొలుస్తాయి కదా, పోయేదేముంది, మట్టే కదా అని. పోయేది చాలా ఉంది. ఒక వానాకాలం పోతుంది, అది మళ్లీ ఏడాదికి గానీ రాదు. పిల్లల రోజులు, పరీక్షల ముందు రోజులు కూడా, పోతాయి. మరుసటి ఏడాది మళ్లీ పిలిస్తే ఎవరికీ నమ్మకం ఉండదు. పైగా గుట్ట మీద ఏమీ మొలవకపోతే చివరికి మాట ఎవరిమీదికి వస్తుంది? మేకలు మేశాయంటారు, కట్టెలకు పోయే ఆడవాళ్లు తొక్కారంటారు. గింజ ముందే చచ్చిందని ఎవరూ అనరు. తప్పు మన ఊరి మేకల మీద పడుతుంది.

ఎక్కడ చల్లాలన్నది కూడా అడగవలసిన మాటే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూసే కుటుంబాల పిల్లలు మన హాస్టళ్లలోనే చదువుతున్నారు. వాళ్ల నాన్న దున్నుకునే పోడు చెలకలో వాళ్ల చేతే గింజలు చల్లించే రోజు రాకూడదు. పశువులు మేసే గైరాను కూడా ఖాళీ స్థలం కాదు. ఊరి గ్రామసభను అడిగి, చెరువుకట్టలు, బడి ప్రహరీలు, శ్మశానాలు, ఒప్పుకున్న రైతుల గట్లు, చెట్లు పోయి బోడిగా మిగిలిన గుట్టలు ఎంచుకుంటే చోటుకు కొదవలేదు. ఏ గింజ అన్నదీ చూడాలి. త్వరగా మొలిచి, ఎవరూ మేయకుండా, ఎండకు తట్టుకుని పెరగడమే గొప్ప అయితే సర్కారుతుమ్మను మించింది లేదు. దాన్ని ఒకప్పుడు కావాలని తెచ్చి వేశారు. ఇప్పుడు చెరువు శిఖాలు, బీళ్లు, కాలువలు అదే కమ్మేసింది, పీకడానికి డబ్బులు ఇస్తున్నారు. మన నేల చెట్లు మనకున్నాయి, వేప, చింత, కానుగ, రేల, మోదుగ, మొర్రి, ఉసిరి, తాని. అవి చాలు.

ఇక మన హాస్టల్ ఏం చేయాలన్నది. వేసవి సెలవుల్లో మనమంతా ఊళ్లకు పోతాం. సరిగ్గా అప్పుడే కానుగకాయలు కోతకు వస్తాయి, చింతపండు కొట్టిన గింజలు ఇళ్లముందు కుప్పలుగా ఉంటాయి. ఇంటికి పోయినవాళ్లు అవ్వనో, తాతనో అడగండి, మన ఊళ్లో ఏ చెట్టు ఏ కార్తెలో పండుతుంది, దాని గింజ ఎన్నాళ్లు ఆగుతుంది, దేన్ని నానబెట్టాలి, దేన్ని దొడ్లోంచి తీయాలి అని. చెప్పింది నోటుబుక్కులో రాసుకురండి. వచ్చే సంచికలో ఆ వివరాలన్నీ ఊరి పేర్లతో వేయాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాం. మా వార్డెన్ సార్ వెనక వరండాలో రెండు గోనెపట్టాలు, ఒక ఇసుక తొట్టి పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. ఏ గింజ వచ్చినా ముందు వంద తీసి పరీక్షకు పెడతాం. సగం కూడా మొలవకపోతే ఆ సంచి నేలకు పోదు. వేసినచోట ఎన్ని గుంతలో రాసిపెట్టి, దసరాకు ఒకసారి, మరుసటి జూన్‌లో ఒకసారి లెక్కపెట్టి వస్తాం. ఆ లెక్క నోటీసుబోర్డు మీద పెడతాం, తక్కువొచ్చినా పెడతాం.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలకు ఒక మనవి. మీలో టీచర్లున్నారు, పంచాయతీ కార్యదర్శులున్నారు, అటవీశాఖలో బీట్ ఆఫీసర్లున్నారు. విత్తన బంతుల ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న రాయండి, గింజ ఏరిన తేదీ ఎప్పుడు అని. జవాబు లేకపోతే సంతకం పెట్టే ముందు వంద గింజలు తడిగోనెలో వేయించండి. మీ పరిధిలో కొనుగోలు ఉంటే, విత్తనపు గింజకు వేరే ధర రాయించండి. పిల్లల్ని కార్యక్రమానికి పిలిచేటప్పుడు పరీక్షలు లేని రోజు చూసి, మధ్యాహ్నం భోజనం, మంచినీళ్లు, తిరిగి దింపే బండి ఏర్పాటు చేయించండి. ఇవి కోరడానికి మొహమాటపడనక్కర్లేదని మేము అనుకుంటున్నాం.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చివరిగా ఒక మాట. సెలవులయ్యాక హాస్టల్ తెరిచిన మొదటి వారంలో గింజలు తీసుకుంటాం. కానుగ, చింత, సీతాఫలం, తుమ్మ, రేల అప్పుడే తీసుకురండి. వేప, నేరేడు అప్పుడు వద్దు, అవి జూలైలో ఆదివారం ఇంటికి పోయొచ్చినప్పుడు తాజాగా తెండి. ఒక్కో రకం ఒక్కో గుడ్డసంచిలో వేయండి, కలిపేయకండి. సంచి లోపల చిన్న కాగితం మీద మీ ఊరి పేరు, ఏరిన తేదీ రాసి పెట్టండి. పెన్ను దొరక్కపోతే సంచి మీదే బొగ్గుతో రాసినా సరే.